గొడుగు కింద నిమిషాలు

బెనూ నది వంతెన దిగగానే
ఎడమచేతి వైపు పసుపు గొడుగు నాదే.
కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చారు.
నీడ వాళ్లది,
ఎండ నాది.

ఒక ప్లాస్టిక్ బల్ల, రెండు స్టూళ్లు,
గొలుసు తగిలించిన ఫోను.
మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరైనా నడిచిపోతారని
మేకపిల్లలా దాన్ని బల్లకాలికి కట్టేసేదాన్ని.

నిమిషం యాభై నైరాలు.
పక్కన పెండలం దుంపలమ్మే ఆవిడ
దుంపని వేలితో తట్టి చూపించేది, గట్టిదేనని.
నిమిషాన్ని ఏం తట్టి చూపించను?
మా అమ్మ అడిగింది మొదటి రోజు:
"ముయెసే, సాయంత్రానికి మిగిలిపోతే
అవి కుళ్లిపోతాయా?"

కమ్మరి ఇయోర్కా వచ్చేవాడు ఆదివారాలు.
భార్య లాగోస్‌లో, ఎవరి ఇంట్లోనో వంటపని.
ఊపిరి తియ్యకుండా చెప్పేవాడు
"ఇల్లు కురుస్తోంది పిల్లాడికి పళ్లొచ్చాయి
నువ్వు పంపిన చెప్పులు బిగుతు సరే ఉంటా"
యాభై తొమ్మిదో సెకనుకి ఠక్కున పెట్టేసేవాడు.
చెప్పకుండా మిగిలిందంతా
స్టూలు మీద కూర్చుని నాకు చెప్పేవాడు,
ఉచితంగా.

పడవ నడిపే ముసలి ఓర్కుమా
కొడుక్కి కలపమంటే కలిపాను.
"మీరు పిలిచిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు"
"ఎవరమ్మా నువ్వు? మావాడింట్లో నీకేం పని?"
ఎంత చెప్పినా వినలేదు.
అంత నాజూకుగా ఇంగ్లిష్ మాట్లాడే పిల్ల
కోడలు కాబోతోందని సంతంతా చాటాడు.
మర్నాడు ఒక పెద్ద దుంప తెచ్చి నా బల్ల మీద పెట్టాడు,
"ఆ అమ్మాయికి."
మేమే వండుకు తిన్నాం. ఏం చేస్తాం?

డబ్బు లేనివాళ్లకి మిస్డ్ కాల్ ఉంది.
ఒక్క మోత: క్షేమంగా దిగాను.
రెండు: డబ్బు అందింది.
మూడు: పుట్టింది, ఇద్దరూ బాగున్నారు.
చావుకి మాత్రం మోతల్లేవు.
దానికి అందరూ నిమిషం కొనుక్కున్నారు.

కర్రపెండలం చేను వెనక టవరుకి కాపలా తెర్ఫా.
జనరేటర్లో డీజిల్ పోస్తే ఊరికి నోరుంది,
లేకపోతే లేదు.
ఒక వానాకాలం రాత్రి
రెండు డబ్బాల డీజిల్ అమ్ముకున్నాడు.
తెల్లారేదాకా ఊరు మూగ.
ఆ రాత్రి ఏ కబురు ఎవరికి అందలేదో
ఎవరూ లెక్క వెయ్యలేదు.
అతను వేసుకున్నట్టున్నాడు.
ఇప్పటికీ వంతెన మీద అంబులెన్సు వెళ్తే
తల తిప్పుకుంటాడు.

తర్వాత ఫోన్లు వచ్చిపడ్డాయి
గోనెపట్టాల మీద వేరుశనక్కాయల్లా, కుప్పలు.
యాభై నలభై అయింది, ఇరవై అయింది,
చివరికి సెకన్ల లెక్కన చిల్లర.
నా ముందు వరస కరిగిపోయింది,
ఎవరి చెవి వాళ్ల జేబులో.

అకారా వడలు కట్టిచ్చిన కాగితంలో
గ్రాఫు ఒకటి నూనె మరకలోంచి పైకెక్కుతోంది.
ఇన్ని కోట్ల చందాదారులట.
నా దగ్గర మూడు సిమ్ములున్నాయి,
అందులో నేను ముగ్గుర్ని.

ఇయోర్కాకి ఇప్పుడు తొందర లేదు.
కొలిమి పక్కన ఫోను తెరిచి పెట్టి
గంటల కొద్దీ ఇనుము కొడతాడు.
అక్కడెక్కడో ఉల్లిపాయలు తరుగుతూ
ఆమె ఆ దెబ్బలు వింటుంది.
ఇద్దరూ మాట్లాడరు. మధ్యలో ఒకసారి
"అది పారకదూ?" అంటుందట.
"అవును, పారే."

రీచార్జి కార్డులమ్మాను, చార్జింగు పెట్టాను,
ఇప్పుడు డబ్బు పంపిస్తున్నాను, వేలిముద్రలతో.
గొడుగు ఎండకి తెల్లబడింది,
ఏ కంపెనీదో పోల్చుకోలేరు.
నాకు బేరం బాగానే ఉంది.
వినడానికే ఎవరి మాటా లేదు.

గొలుసు పారెయ్యలేదు.
బల్లకాలికి ఇప్పుడు నిజంగానే మేకపిల్ల.
పొద్దస్తమానం అరుస్తుంది.
నిమిషానికి ఇంతని
దాన్ని అడగలేను.